సుజాత కంప్యూటర్‌కు బూట్‌లోడర్ వేసిన రోజు

దయ్యాల మాట ఎవరెత్తినా అక్కడి నుంచి లేచిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

నా భార్య సుజాత సిద్దిపేటలో ఒక బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఇంట్లో తన పాత కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసుకుంది. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి అందులో రికార్డు చేసేది. నిరుటి వానల్లో ఆమె పోయింది.

తర్వాత బావమరిది తన పని కోసం అదే కంప్యూటర్‌లో ఒక పక్కన విండోస్ వేశాడు. దాంతో లినక్స్ తెరుచుకోవడం మానేసింది. పాఠాల కాపీలు బడిలో ఉన్నాయి, ఆ బెంగ లేదు. కానీ ఆమె వదిలిన తెర ఆమె వదిలినట్టే మళ్లీ చూడాలనిపించింది. కంప్యూటర్ బాగుచేసే షాపువాళ్లు మొత్తం తుడిచేస్తామన్నారు. నేను బావమరిదిని ఆదివారం దాకా గడువు అడిగాను.

లినక్స్ చెడలేదు. కంప్యూటర్ వెలగగానే దాన్ని పిలిచే బూట్‌లోడర్ ఒక్కటే పోయింది. ఆమె పుస్తకాలు చదివి ఆ సంగతి తెలుసుకున్నాను. పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ లేపి, ఆమె లినక్స్ లోపలికి వెళ్లి, బూట్‌లోడర్‌ను డిస్క్ మీద మళ్లీ రాయాలి. ఏ డిస్క్ అన్నది మనమే చెప్పాలి.

ఆదివారం మధ్యాహ్నం కమాండ్ టైపు చేశాను. ఎంటర్ మీద వేలు పెట్టాను. టేబుల్ మీద టక్ టక్‌మని చప్పుడైంది.

వంటింట్లో చింతపండు గింజలు తీస్తున్న అత్తమ్మ కేకేసింది.

"ఏంది అల్లుడా, టేబుల్ కొడ్తున్నవ్? మా బిడ్డ కొట్టినట్టే కొడ్తున్నవ్!"

"నేను కొట్టలే అత్తమ్మా."

"మరెవరు, నేనా? నా చేతుల నిండ చింతపండే!"

ఇంటికి నేర్చుకోవడానికొచ్చే బడి పిల్లలు తొందరపడి ఎంటర్ నొక్కబోతే సుజాత ఉంగరంతో టేబుల్ మీద అట్లాగే కొట్టేది. నా రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి. ఆమె ఉంగరం బీరువాలో ఉంది. లేచి వెళ్లి చూశాను కూడా.

తిరిగొచ్చి తెర చూసుకున్నాను. నేను రాసింది డిస్క్ పేరు కాదు, పెన్‌డ్రైవ్ పేరు. అట్లాగే నొక్కి ఉంటే బూట్‌లోడర్ పెన్‌డ్రైవ్ మీదికే పోయేది, అది తీయగానే లినక్స్ తెరుచుకునేది కాదు. నాకు చేతకాలేదని మర్నాడు షాపులో ఇచ్చేసేవాణ్ని.

పేరు మార్చి నొక్కాను. తప్పేమీ చూపలేదు. ఏది తెరవాలో అడిగే మెనూ కూడా కొత్తగా రాయించి, పెన్‌డ్రైవ్ తీసేసి కంప్యూటర్ మళ్లీ ఆన్ చేశాను. పైన లినక్స్, కింద విండోస్. పైది తెరిచాను. సుజాత పేరు వచ్చింది, దాని వెనక ఆమె పెట్టుకున్న తంగేడు పూల బొమ్మ.

అత్తమ్మ చేతులు కడుక్కొని వచ్చి చాలాసేపు చూసింది.

సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు. "బావా, షాపుకు తీస్కపోవాల్నా?"

"అక్కర్లే. రెండూ నడుస్తున్నయ్."

"గంత పని ఎవరు చేసిన్రు?"

"నేనే," అన్నాను గర్వంగా. ఆ మాటలో నా వంతు ఎంతో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.