పిల్లల పాలు

ఆ రోజుల్లో పిల్లలకు తోచకపోవడం పెద్దవాళ్లు పట్టించుకోవలసిన విషయమని ఎవరూ అనుకునేవారు కాదు. ఇప్పుడు మా మనవడు "బోరు" అన్నాడంటే చాలు, ఇంటిల్లిపాదీ లేచి ఏ పార్కుకు పోదామా, ఎక్కడ ఏ ఎగ్జిబిషన్ పెట్టారా అని వెతుకుతారు. మా కాలంలో ఆ మాట అంటే (ఆ మాట మాకు తెలియదనుకోండి) చేటెడు బియ్యం ముందు పెట్టి రాళ్లేరమనేవారు. అలాంటి కాలంలో, ముగ్గురు పిల్లల్ని రోజూ ఎక్కడికో ఒకచోటికి తిప్పుకు రావడమే ఉద్యోగంగా కొన్ని నెలలు గడిపినదాన్ని నేను. జీతం లేదు గానీ, ఆ తర్వాత చేసిన ఏ పనీ నాకు అంతగా నచ్చలేదు.

మా అక్క ఇల్లు విడవలూరు దగ్గర ఒక పల్లెలో ఉండేది. బావ అక్కడి బడిలో హెడ్మాస్టరు. అక్క మళ్లీ నీళ్లోసుకుంది. అంతకుముందు ఏడాది ఒక కాన్పు నెలలు నిండకుండానే పోయింది. అందుకని నెల్లూరు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: "ఈసారి బిడ్డ దక్కాలంటే మంచం దిగకూడదు, పగలు కంటినిండా నిద్రపోవాలి, పాలు బాగా తాగాలి" అని. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో పగటి నిద్ర ఎలా వస్తుందో మాత్రం ఆవిడ చెప్పలేదు. అప్పటికి నేను ఎస్సెల్సీ పాసై, సంబంధాలు చూస్తున్నారు కనుక ఇంట్లో ఊరికే కూర్చుని ఉన్నాను. "పొయ్యి ఆ పిల్లల్ని చూసుకోవే, నీకూ పొద్దుపోతుంది" అని అమ్మ నన్ను బస్సెక్కించింది.

పెద్దవాణ్ని మేం కలెక్టరు అనేవాళ్లం, ఇంట్లో అందరికీ వాడే ఆర్డర్లు వేస్తాడు కనుక. రెండోదానికి "ఎందుకు" తప్ప వేరే మాట రాదు, కాబట్టి అది ఎందుకమ్మ. మూడోవాడు బుడ్డోడు. నిద్రలో తప్ప వాడు కుదురుగా ఉండగా నేను చూడలేదు. వీళ్లు కాక అక్క అత్తగారు. మడి, ఆచారం, నోరు, మూడూ గట్టివే.

మొదట కాలువ గట్టుకు తీసుకుపోయాను. ఉప్పు పడవలు మద్రాసు వైపు పోతుండేవి. గాలి పడిపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాడు వంటింట్లో ఉండగా అక్క కేక వినబడి పరుగెత్తితే ఏముంది, చేదతాడు మంచం కోడుకు కట్టి కలెక్టరూ ఎందుకమ్మా లాగుతున్నారు. బుడ్డోడు అక్క కాళ్ల దగ్గర నిలబడి విసనకర్రతో చుక్కాని తిప్పుతున్నాడు. "మద్రాసు వచ్చేసిందమ్మా, దిగు" అంటాడు కలెక్టరు. "డాక్టరమ్మ దిగొద్దన్నది రా" అని అక్క మొత్తుకుంటోంది.

కాలువ మానేసి ఉప్పు కొఠార్లకు తీసుకుపోయాను. ఉప్పు కుప్పల మీద నుంచి జారి ముగ్గురూ తెల్లగా తయారయ్యారు, కాపలావాడు మమ్మల్ని చాలా దూరం తరిమాడు (అందరికంటే ముందు పరుగెత్తింది నేనే). ఇక మిగిలింది సముద్రం. ఇసుకలో నడక దూరమే అయినా, అలిసిపోయి వస్తే పిల్లలూ నిద్రపోతారని నా లెక్క.

మేం పోయేసరికి పట్టపుపాళెం జాలర్లు పెద్ద వల లాగుతున్నారు. అటు ఒక తాడు, ఇటు ఒక తాడు, ఒక్కోదానికి వరసగా మనుషులు, "హైలెస్సా" అని ఒక్క గొంతు. కలెక్టరు నన్ను అడగనైనా అడగకుండా పోయి తాడు పట్టుకున్నాడు. వాడి వెనక ఎందుకమ్మ, దాని వెనక బుడ్డోడు. వాళ్లను పట్టుకోవడానికని పోయి నేనూ పట్టుకున్నాను, పిల్లల్ని కాదు, తాడునే. అరచేతులు మండిపోయాయి. అంత ఆనందం నేనెప్పుడూ ఎరగను.

వల ఒడ్డుకు వచ్చేసరికి ఎండెక్కింది. ఇంటికి బయల్దేరుతుంటే వల పెద్ద, ఒక ముసలాయన, ఆపాడు.

"ఏంది పాపా, పిల్లోళ్లు అంత కష్టపడి లాగినారే, పాలు లేకుండా పంపిస్తామా? తాడు మింద చెయ్యేసినోళ్లని ఉత్త చేతుల్తో పంపితే మాకు మంచిది కాదు. మా కోడలు మీ ఇంటి మిందనే అంగడికి పోతాది. పిల్లోళ్ల పాలు ఇచ్చేసి పొమ్మంటాలే."

వీళ్లకు గేదెలు కూడా ఉన్నాయి కాబోలనుకున్నాను. సంతోషంగా వచ్చి అత్తగారికి చెప్పాను. ఇంట్లో గేదె వట్టిపోయి, అక్కకు పాలు సరిపోక ఆవిడ దిగులుగా ఉన్న రోజులవి.

"ఎంత మంచి మనసే వాళ్లది! చూలాలి ఇల్లని తెలిసినట్టుంది" అని, ఇత్తడి గిన్నె చింతపండు పెట్టి తోమి, మడితో ఉన్నారు కనుక ఎవరూ తగలకుండా మెట్టు మీద పెట్టి, తాను అరుగెక్కి నిలబడ్డారు.

కాసేపటికి గంపతో ఒకామె వచ్చింది. "అమ్మా, పిల్లోళ్ల పాలు తెచ్చినా!"

"ఆ గిన్నెలో పొయ్యి తల్లీ. నిండుగా పొయ్యి."

"పోస్తానమ్మా. మా మామ మంచియ్యే ఏరి పెట్టినాడు" అంటూ గంప మీది ఆకు తీసి, గిన్నెలోకి వంపేసింది. నిగనిగలాడే చేపలు. ఒకటి ఇంకా ప్రాణంతోనే ఉన్నట్టుంది, ఎగిరి అత్తగారి కాళ్ల దగ్గర పడింది. ఆవిడ అంతకంటే ఎత్తు ఎగిరారు.

"శివ శివా! పాలన్నావు గదే!"

"పాలే గదమ్మా!" ఆమె తెల్లబోయింది. "పిల్లోళ్ల పాలే. తక్కువైందా?" అని, ఇంకో రెండు పిడికిళ్లు వేసింది.

అప్పుడు వెలిగింది నాకు. మేం వాటా అనేదాన్ని వాళ్లు పాలు అంటారు. మా పిల్లలు చెమటోడ్చి సంపాదించిన మొదటి వాటా ఆ గిన్నెలో కొట్టుకుంటోంది. లోపల అక్కకు సంగతి అర్థమై నవ్వు మొదలైంది. "నవ్వకే తల్లీ, కడుపు పట్టుకుంటుంది" అని ఒక పక్క అక్కను బతిమాలుతూ, ఇంకో పక్క నన్ను తిడుతూ అత్తగారు ఆ పూట రెండు స్నానాలు చేశారు. చేపలు గంపలోకీ, గిన్నె పెంటకుప్ప మీదికీ పోయాయి. షికార్లు బందు అయ్యాయి.

అసలు ముప్పు అప్పుడొచ్చింది. ఇంట్లో కట్టేసిన పిల్లలు ఇల్లు పీకి పందిరేశారు. అక్కకు కన్ను మూతపడే వీల్లేదు. ఒక మధ్యాహ్నం బుడ్డోడు బావి గట్టెక్కాడని విని మంచం దిగి పరుగెత్తింది. ఆ సాయంత్రమే నొప్పి మొదలైంది. బావ నెల్లూరు పోయి డాక్టరమ్మను కారులో తెచ్చారు. నేను దేవుడి గదిలో కూర్చుని ఏడ్చాను. చాలాసేపటికి నొప్పి సర్దుకుంది. ఆవిడ చేతులు కడుక్కుంటూ, "పగలు నిద్రపోతోందా?" అని అడిగింది. అత్తగారు పిల్లల వైపు చూశారు.

మర్నాడు తెల్లవారగానే అత్తగారే పిల్లలకు చద్దన్నం పెట్టి, నా వైపు చూడకుండా, "తీసుకుపో వాళ్లని" అన్నారు. "ఎక్కడికండీ?" అంటే, "నీకు తెలియదా ఏమిటి" అని లోపలికి పోయారు.

సముద్రానికే పోయి, నేను భయపడుతూనే జరిగింది ముసలాయనకు చెప్పాను. ఆయన ఇసుకలో కూలబడి నవ్వాడు. "మీరు తినరనే మాటే మర్చిపొయినానే! సరేలే పాపా, పాలుకి పాలే ఇప్పిస్తా." ఆనాటి నుంచి పిల్లల వాటా చేపలు ఆయన కోడలు పక్క ఊళ్లో గేదెలున్న వాళ్లింట ఇచ్చి, చెంబుతో పాలు తెచ్చి మెట్టు మీద పెట్టేది. ఎక్కడివని అత్తగారు ఒక్కనాడూ అడగలేదు. కాచి, చక్కెర వేసి, "ముగ్గురు సంపాదనపరులున్నారే నీకు" అని అక్కకు ఇచ్చేవారు. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా, గట్టిగా ఏడుస్తూ.

నేను ఊరికి పోయే ముందు రోజు అత్తగారు నా పక్కన కూర్చున్నారు. "ఇంతకీ ఎట్లా ఉంటుందే ఆ సముద్రం?" అన్నారు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ రాత్రుళ్లు ఆ హోరు వినడమే గానీ, ఎవరూ తీసుకుపోలేదట, ఈవిడా అడగలేదట. "రేపు పొద్దున్నే పోదాం రండి" అన్నాను. "నాకెందుకులే" అని, మళ్లీ ఆవిడే, "పిల్లల కోసం వస్తాను" అన్నారు.

వచ్చారు. నీళ్లలో నిలబడ్డారు. కాసేపటికి పిల్లలు ఆకలి, ఇంటికి పోదామని కొంగు లాగితే, మోకాళ్ల దాకా తడిసిన చీరతో అటే చూస్తూ, "ఉండండ్రా, ఇంకాసేపు" అన్నారు.

ఇప్పుడు నాది ఆవిడ వయసు. ఆదివారం పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలా అని మా వాళ్లు తర్జనభర్జన పడుతుండగానే, నేను చీర మార్చుకుని కారు దగ్గర నిలబడతాను. "మీరూ వస్తున్నారా అత్తయ్యా?" అంటుంది కోడలు. "నాకెందుకమ్మా," అంటాను తలుపు తీసుకుని కూర్చుంటూ, "పిల్లల కోసం."