అత్తయ్య ఎంచిన తీగ స్కానరు

ఆ రోజుల్లో నా మనశ్శాంతి అంతా ఒక చిన్న పసుపు దీపం చేతిలో ఉండేది. కారు డాష్‌బోర్డు మీద ఇంజిను బొమ్మతో వెలిగే దీపం. అది ఆరి ఉంటే లోకం పచ్చగా కనిపించేది, వెలిగితే అన్నం సయించేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది గానీ, పెళ్లైన కొత్తలో మొగుడు ఓడెక్కి వెళ్లిపోయి, ఇంట్లో ఆయన వస్తువంటూ ఒక్క పాత కారే మిగిలితే మీరైనా అంతే కంగారు పడేవారు.

మా ఆయన సరుకుల ఓడలో ఇంజిన్ రూములో పనిచేసేవారు. నేనేమో మండపేట దగ్గర పల్లె నుంచి యానాం కోడలిగా వచ్చి, కనకాలపేటలో రొయ్యల మేత కొట్టులో కంప్యూటర్ పనికి కుదిరాను. ఓడెక్కే ముందు సెలవుల్లో ఆయన ఆ సెకండ్‌హ్యాండ్ కారు కొని, గోదావరి గట్టు వెంట నాకు నడపడం నేర్పి, సీటు తన పొడుగుకి తగ్గట్టు వెనక్కి జరిపి ఉంచి వెళ్లిపోయారు. ఆ సీటుని నేను ముందుకి లాగలేదు. వీపు వెనక తలగడ పెట్టుకుని, బ్రేకు కాలికి అందేలా సీటు అంచుకి జరిగి నడిపేదాన్ని. "సీటు ముందుకి లాక్కోవచ్చు కదే పిచ్చిమొహమా," అంది అత్తయ్య ఒకసారి. "పాడైపోద్దేమోనని అత్తయ్యా," అన్నాను. రెండ్రోజుల్లో అత్తయ్య ఆ తలగడకి పువ్వుల గలీబు కుట్టి తెచ్చిచ్చింది.

అత్తయ్యదీ నా జబ్బే, కాకపోతే ఒప్పుకునేది కాదు. సాయంత్రం అయ్యేసరికి చిక్కుడుకాయల చేటతో వచ్చి కారు వెనక సీట్లో కూర్చునేది. (ఇంట్లో ఉక్కగా ఉందట. తలుపులు మూసిన కారులో చల్లగా ఉంటుందని నేనెక్కడా వినలేదు.) నేను ముందు సీట్లో, ఆవిడ వెనక సీట్లో, ఇంజిను ఆపి ఉన్న బండిలో ఎక్కడికో వెళ్తున్నట్టు కూర్చునేవాళ్లం. "ఈపాటికి ఆడు ఏ సముద్రంలో ఉన్నాడంటావే?" అనేది. నాకేం తెలుసు? అయినా ఏదో ఒక సముద్రం పేరు చెప్పేదాన్ని.

అలాంటి రోజుల్లో పసుపు దీపం వెలిగింది. బండి ఎక్కిళ్లు పెట్టినట్టు కుదుపులు మొదలెట్టింది. మెట్టకూరు రోడ్డులో షెడ్డున్న మెకానిక్ బాబాయి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన బ్యాటరీ వైరు ఒకటి పీకి, కాసేపాగి మళ్లీ పెట్టాడు. దీపం ఆరింది. ఇంటికొచ్చేసరికి మళ్లీ వెలిగింది. మళ్లీ వెళ్లాం, మళ్లీ పీకాడు, మళ్లీ వెలిగింది. "కాకినాడ పెద్ద షెడ్డుకి పంపెయ్యండమ్మా. ఏయేం మార్చాలో ఆళ్లే సూత్తారు. ఓ నెల పట్టుద్ది," అన్నాడు చివరికి. సరిగ్గా అప్పుడే ఓడ నుంచి ఫోను: సెలవు దొరికింది, వచ్చే వారం దిగుతున్నాను అని. "కాకినాడ స్టేషనుకి ఎవరూ రావద్దు, నేనే బస్సులో వచ్చేస్తా," అన్నారాయన. అత్తయ్య నా చేతిలోంచి ఫోను లాక్కుని, "కారు పెట్టుకుని బస్సెందుకురా? మేవే వత్తాం," అనేసింది. ఫోను పెట్టేశాక నా మొహం చూసి, "ఏవే, వత్తాం కదా?" అంది నెమ్మదిగా.

అలా మొదలైంది స్కానరు వేట. స్టీరింగు కింద ఒక సాకెట్టు ఉంటుందనీ, దానికి చిన్న పరికరం తగిలిస్తే రోగం ఏమిటో బండే చెబుతుందనీ ఫోనులో చదివాను. ఆ పరికరాలు రకరకాలు. పెద్ద షెడ్లవాళ్లు వాడే పలకలాంటిది మా ఇద్దరి గాజులూ కలిపినా రాదు, దాన్ని వదిలేశాం. అన్నిటికన్నా చవకది అగ్గిపెట్టెంత నీలం ముక్క. తీగ ఉండదు, ఫోనుతో గాలిలోనే మాట్లాడుతుంది. చవక కదా అని తెప్పించాను. తగిలించి ఫోను తెరిస్తే, గేటు లోపల నిలబెట్టిన కారు ఎనభై స్పీడులో పోతున్నట్టు చూపించింది! వెనక సీట్లోంచి తొంగి చూసిన అత్తయ్య, "ఎనభయ్యా? ఆపవే! దిగు, దిగు!" అని చిక్కుడుకాయలు ఒలకబోసుకుని కిందకి దూకింది. ఆ ముక్క మా కారుతో అసలు కలవనే లేదనీ, ఫోనులో కనిపించేది నమూనాకి పెట్టిన ఉత్తుత్తి లెక్కలనీ గ్రహించడానికి నాకు ఆ పూటంతా పట్టింది.

దాన్ని వెనక్కి పంపించేశాక కొనే పెత్తనం అత్తయ్య తీసుకుంది. "మొప్ప ఎత్తి చూడకుండా చేపే కొనం, దీన్ని కొంటావా?" అని నన్ను బస్సులో కాకినాడ తీసుకెళ్లింది. స్పేరుపార్టుల కొట్లో నేను అడగాల్సినవన్నీ ఆవిడే అడిగింది. "మా బండి పేరు ఇదండి. దీనితో మాటాడుద్దా? రోగం చెప్పి ఊరుకుంటాదా, దీపం కూడా ఆర్పుద్దా? పలక్కపోతే వెనక్కి తీసుకుంటారా?" కొట్టాయన తీగ ఉన్నదొకటీ లేనిదొకటీ ముందు పెట్టి, లేనిది కూడా మంచి కంపెనీదేనమ్మా, ఇబ్బంది పెట్టదు అన్నాడు. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "తీగ ఉన్నదే ఇవ్వండి. గాలిలో మాటాడేవోణ్ణి ఒకణ్ణి కన్నానండి. ఎప్పుడు పలుకుతాడో, ఎప్పుడు పలకడో." కొట్టాయనకి అర్థం కాలేదు. నేను మాత్రం కొట్టు బయట వేలాడే టైర్లకేసి తెగ శ్రద్ధగా చూశాను.

తీగ స్కానరు మొదటిసారే పలికింది: రెండో సిలిండరు సరిగా మండటం లేదు. అంతే చెప్పింది, ఎందుకో చెప్పలేదు. అదృష్టం కొద్దీ ఆ సాయంత్రం ఓడకి ఫోను కలిసింది. "అది నొప్పి ఎక్కడో చెబుతుందంతే. ఇంజిను చల్లారాక రెండోదాని మీద కాయిలు, అదే నిప్పురవ్వ పుట్టించేది, తీసి మూడోదానికి పెట్టు, మూడోదాని కాయిలు రెండోదానికి. తప్పు మూడోదానికి మారితే కాయిలు పోయినట్టు. మారకపోతే..." అన్నారాయన. సముద్రం మింగేసింది మిగతా మాట. ఏడవాలో నవ్వాలో తెలీక బానెట్ ఎత్తాను. అత్తయ్య టార్చి పట్టుకుంది. కాయిళ్లు మార్చి చూస్తే తప్పు రెండోదాని దగ్గరే ఉండిపోయింది. ఇంకేం చెయ్యాలో తోచక వంగి చూద్దును కదా, రెండో కాయిలుకి వెళ్లే వైరుని ఎలుక కొరికేసింది. పక్కనే, అది విందు చేసుకున్నట్టు, ఎండురొయ్యల తలకాయలు. కదలని కారు బానెట్ మీద ఎండ బాగా తగులుతుందని రొయ్యలు ఆరబోస్తున్నది ఎవరో నేను అడగలేదు. "మనింటి ఎలక కాదే అది, పక్కింటిది," అంది అత్తయ్య టార్చి ఆపేసి.

మెకానిక్ బాబాయి ఆ వైరు చక్కగా అతికి, ఎలుక దూరకుండా జాలీ కట్టి, స్కానరుని తిప్పితిప్పి చూసి ముచ్చటపడ్డాడు. స్కానరుతో ఆ తప్పు చెరిపేశాక దీపం మళ్లీ వెలగలేదు.

ఆ తెల్లారి కాకినాడ దారంతా ఆయనతో ఏం మాట్లాడాలో మనసులో వల్లించుకుంటూనే ఉన్నాను. ఎలా ఉన్నారు అనాలా, చిక్కిపోయారు అనాలా, మీరు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదని అత్తయ్య ముందు ఎలా అనాలి? కుదుపు వస్తుందేమోనని ఒక చెవి ఇంజిను మీదే. రైలాగింది. నల్లబడి, చిక్కి, పెట్టె మోసుకుంటూ ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డారు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "రెండో సిలిండరు బాగుందండీ."

ఆయన పెట్టె కింద పెట్టి మరీ నవ్వారు. "ఇన్నాళ్లకి మొగుణ్ణి చూసి మాటాడే మాటేనటే అది?" అని అత్తయ్య నన్ను కసిరి, చెంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు అత్తయ్య లేదు. ఆయన ఓడ మానేసి కాకినాడలోనే పనిచేస్తున్నారు, చీకటి పడకముందే ఇంటికొచ్చి కూరేమిటని అడుగుతారు. దేనికీ లోటు లేదు. అయినా ఒక్కోసారి పని మధ్యలో ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ పిల్ల గుర్తొస్తుంది. పట్టుచీర, తలలో మల్లెపూలు, గోళ్లలో వదలని గ్రీజు. అంత ఎదురుచూపునీ మోసుకెళ్లి ఇంజిను సంగతి చెప్పొచ్చిన వెర్రిది. పోనీ ఇన్నేళ్లలో నేనేమైనా నేర్చుకున్నానా అంటే, మీరంటే నాకు ఇంత ఇష్టమని ఆయనతో అంతకన్నా బాగా చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.