బాగానే ఉన్న పెట్టె

ఆ ఇంటి అల్లుడికి బాగా పనిచేసే వస్తువును చూస్తే చేతులు దురదపెడతాయి. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే జేబులో స్క్రూడ్రైవర్ తిరుగుతుంది. ఆ ఆదివారం అతని కన్ను అత్తగారి వీడియోగేమ్ పెట్టె మీద పడింది. పెద్దావిడ రోజూ టిఫిను కాగానే దాని మీద కార్ల పందెం ఆడుతుంది. లోపల చిన్న చిప్పు అతికిస్తే వేరే దేశాల ఆటలు కూడా వస్తాయని అతని ఆశ. "బాగానే ఉందిగా బాబూ, ఎందుకు విప్పారు?" అందావిడ కంగారుగా. "ఇంకా బాగుంటుందత్తయ్యా!" అన్నాడు. ఫ్యాను ఆపించి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత వైర్లను బోర్డుకు సోల్డరింగ్ చేస్తున్నంతసేపు మాత్రం ఆ మోకాలు కదల్లేదు.

మూత బిగించి మీట నొక్కాడు. టీవీలో చీకటి. కొరివితో తల గోక్కున్నట్టయింది. మళ్లీ విప్పి, చక్కగా అతుక్కున్న చిప్పును పీకి మళ్లీ అతికించాడు. మళ్లీ చీకటే. "నా పెట్టె ఇక లేవదా?" అందావిడ. అతను మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఆవిడే గోడవైపు చూసి, "మీ సోల్డరింగ్ కడ్డీ పెట్టడానికి టీవీ ప్లగ్గు పీకింది మీరే కదా బాబూ!" అంది.

ప్లగ్గు పెట్టగానే కార్లు దూసుకుపోయాయి. ఆవిడ ఆటలో పడింది. అతను కూర్చోలేక వెనకే నిలబడి, వంగి చెవి పెట్టాడు. "లోపల ఫ్యాను కాస్త గరగరమంటోంది, విన్నారా అత్తయ్యా?" అత్తగారు తెర మీంచి చూపు తిప్పకుండానే పెట్టెను ఒళ్లోకి లాక్కుంది.