కరెంటు పోయినప్పటి దరువు

డ్రమ్ అండ్ బేస్ అనే సంగీతం గురించి నేను ముందు చదివాను. వినడం దాదాపు ఏడాది తర్వాత. తొండియార్‌పేట నుంచి రెండు బస్సులు మారి మౌంట్ రోడ్డు దగ్గరున్న ఒక లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. ఇంగ్లండులో అచ్చయిన సంగీత పత్రికలు ఆర్నెల్లు పాతబడి అక్కడికి చేరేవి. నా చదువు ప్లస్ టూతో ఆగిపోయింది. నేర్పేవాళ్ళు లేరని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఏ విద్య అయినా ఎవరో ఒకరు ఎక్కడో రాసిపెట్టే ఉంటారు, వెతుక్కునే ఓపిక మనకుండాలి అనేది నా ధీమా.

ఆ పత్రికల వల్ల తెలిసింది ఇది. పాత రికార్డుల్లో కొన్ని పాటల మధ్య గాయకుడు, గిటారు, అందరూ ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే కాసేపు మోగుతాయి. ఆ చోటును బ్రేక్ అంటారు. దాన్ని మెషీన్లోకి ఎక్కించి, ఒక్కో దెబ్బనూ విడిగా కోసి, వరస మార్చి పేర్చి, దాదాపు రెట్టింపు వేగంతో పరిగెత్తిస్తారు. దాని కింద బేస్, అంటే బరువైన అడుగు స్వరం, నిదానంగా నడుస్తుంది. చదివి నా మనసులో ఒక శబ్దం కట్టుకున్నాను. చివరికి బర్మా బజారులో ఒక కాసెట్ దొరికింది. నేను ఊహించిన దానికంటే వేగంగా ఉంది. అంత దిగులుగా ఉంటుందని మాత్రం ఏ పత్రికా రాయలేదు.

నాకూ ఒక బ్రేక్ కావాలి. రికార్డులు కొనే స్తోమత లేదు. కానీ అలాంటి చోటు ఒకటి మా ఇంట్లోనే ఉంది, అమ్మ ట్రంకుపెట్టెలో, చీరల అడుగున, ఒక కాసెట్లో.

అమ్మకు ఒక్కడే తమ్ముడు. మా మామ. మాతోనే ఉండేవాడు. తొంభైల మొదట్లో ఒక పాటకచ్చేరీ ట్రూపులో డ్రమ్ములు వాయించేవాడు. తమిళుల ఆడి నెలలో మా వీధి అమ్మవారి పండక్కి స్టేజీ కట్టి ఆ ట్రూపునే పిలిచారు. తమ్ముడు సొంత వీధిలో వాయిస్తున్నాడని అమ్మ మా టేప్ రికార్డర్ తీసుకెళ్ళి స్టేజీ పక్కన పెట్టింది. కరెంటు పోయినా ఆగకూడదని అందులో బ్యాటరీలు కూడా వేసింది. అవి టార్చిలైటులో వాడేసిన బ్యాటరీలు. పగలంతా డాబా పిట్టగోడ మీద ఎండబెట్టి తెచ్చింది. ఎండ తగిలితే బ్యాటరీకి మళ్ళీ ప్రాణం వస్తుందని మా వీధిలో అందరికీ నమ్మకం.

అనుకున్నట్టే పాట మధ్యలో కరెంటు పోయింది. మైకు, కీబోర్డు, బేస్ గిటారు అన్నీ మూగబోయాయి. అలాంటప్పుడు డ్రమ్మరు ఆగకూడదనేది ట్రూపుల్లో కట్టుబాటు. దరువు ఆగితే జనం చెప్పులు వెతుక్కుంటారు. పాట ఏ నడకలో ఆగిందో అదే నడకను చీకట్లో పట్టుకుని ఉంటే, కరెంటు రాగానే మిగతావాళ్ళు వచ్చి కలుస్తారు. మామ పట్టుకునే ఉన్నాడు. జనం ఈలలు వేశారు. సుండల్, అంటే శనగ గుగ్గిళ్ళు, అమ్మేవాడు కూడా ఆ తాళానికే అరుస్తూ తిరిగాడు. కరెంటు వచ్చాక పాట అతుక్కోలేదు. కీబోర్డు ఒకచోట, బేస్ ఇంకొకచోట, గాయని మరొకచోట. నడుమ ఆపేసి వేరే పాట ఎత్తుకున్నారు.

నువ్వు పరిగెత్తావు, అందుకే కలవలేకపోయాం అన్నాడు ట్రూపు మాస్టారు. మామ ఒప్పుకోలేదు. సాక్ష్యం పిలిచింది కూడా మామే. మా అక్క టేప్ చేసింది, రండి, విందాం అన్నాడు.

మర్నాడు మా ముందుగదిలో మాస్టారు, ఇంకో ఇద్దరు వాయిద్యగాళ్ళు చాప మీద కూర్చుని విన్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. కాసెట్లో పాట ఆగింది. దరువు మిగిలింది. మొదట నిలకడగానే ఉంది. పోను పోను వేగం ఎక్కింది. చివరికి తరుముకొస్తున్నట్టు పరిగెత్తింది. కరెంటు వచ్చిన చోట పాట మళ్ళీ పాత నడకలో మొదలైంది. మాస్టారు కోప్పడలేదు.

"చీకటికి భయపడినావు పా. అంతే," అన్నాడు.

తర్వాత ట్రూపులో మామకు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. స్టేజీ ఎక్కితే చాలు, "ఎక్స్‌ప్రెస్ వస్తా ఉండాది, పక్కకు తప్పుకోండి" అనేవాళ్ళట. కొన్నాళ్ళకు వాళ్ళు డ్రమ్మరు అక్కర్లేకుండా దరువేసే రిథమ్ మెషీన్ తెచ్చుకున్నారు. ఇంకో ట్రూపులో చేరమని అమ్మ ఎంతో చెప్పి చూసింది. మామ ఒకటే మాట అన్నాడు.

"నా చెవులతో నేనే విన్నా గదక్కా."

డ్రమ్ సెట్టును ఎవరో వచ్చి ఆటోలో వేసుకుపోయారు. మామ అంబత్తూరులో రేకులు కొట్టే ప్రెస్సుల కంపెనీలో చేరాడు. అక్కడ ఆ చప్పుడులో ఆరేడేళ్ళు గడిచేసరికి ఆ చెవులు కూడా పోయాయి. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే కొంచెం అందేది.

ఆ కాసెట్‌ను అమ్మ పారెయ్యలేదు. పిల్లలం దొంగతనంగా పెట్టుకుని వినేవాళ్ళం, సుండల్ అమ్మేవాడి కోసం. చీకట్లో వాడు రెండుసార్లు అరుస్తాడు. మొదటిసారి బొంగురు గొంతు. రెండోసారి సన్నగా, కీచుగా. రెండోది వాడి పెళ్ళాం అని నవ్వుకునేవాళ్ళం.

నేను పెళ్ళికార్డులు, కరపత్రాలు కంపోజ్ చేసే డీటీపీ షాపులో పనికి కుదిరాక, ఆదివారాలు కంప్యూటర్ వాడుకోమని ఓనరు తాళం చెవి ఇచ్చేవాడు. ఒక పత్రికతో వచ్చిన సీడీలో శబ్దాలు కోసి పేర్చే ప్రోగ్రాం దొరికింది. టేప్ రికార్డర్ నుంచి వైరు లాగి సౌండ్ కార్డుకు కలపడం కూడా చదివే నేర్చుకున్నాను. మామకు ఆదివారం సెలవు. వచ్చి స్టూలు మీద కూర్చుని తెర వంక చూసేవాడు. ఆయన కాసెట్టే వాడుకుంటానని చెప్తే నవ్వాడు.

"ఆ పరుగు నీకేం పనికొస్తాదిరా?"

ఈ సంగీతానికి పరుగే కావాలి మామా అన్నాను. తెలిసిందంతా ఆయన చెవిలో అరిచి చెప్పాను. ప్రతి దెబ్బనూ విడిగా తీయొచ్చు, ముందుకు జరపొచ్చు, వెనక్కి జరపొచ్చు, తాళం తప్పి వాయించినా సరిచేసెయ్యొచ్చు. నేర్చుకున్నది చెప్పుకోవడానికి మనిషి దొరికాడన్న సంబరంలో ఉన్నాను. మామ తల ఊపుతూ విన్నాడు.

ఒక ఆదివారం మొదట్లోని పెద్ద డ్రమ్ము దెబ్బ ఒకటి, చివర్లోది ఒకటి కోసి పక్కపక్కన పెట్టాను. రెండూ కలవలేదు. రెండోదాని శృతి బాగా పైన ఉంది. కోయడంలో తప్పు జరిగిందనుకుని మళ్ళీ కోశాను. అదే తేడా. నడిమి దెబ్బలు తీసి చూస్తే శృతి మెట్లు మెట్లుగా ఎక్కుతోంది.

ఈ విద్యలో మొదటి పాఠమే అది. శబ్దాన్ని వేగంగా తిప్పితే శృతి కూడా పైకి పోతుంది. మనిషి తొందరపడి వాయిస్తే దెబ్బలు దగ్గరవుతాయి, అంతే. డ్రమ్ము గొంతు మారదు. అప్పుడు సుండల్ అమ్మేవాడు గుర్తొచ్చాడు. ఆ రెండో గొంతును కిందికి దింపుతూ పోయాను. బొంగురు గొంతు వచ్చింది. ఇద్దరూ ఒక్కడే. అదే లెక్కన చివరి దరువునూ దింపితే మొదటి నడక వచ్చి కూర్చుంది.

కరెంటు పోగానే టేప్ రికార్డర్ బ్యాటరీల మీదికి మారింది. అమ్మ ఎండబెట్టి తెచ్చిన పాత బ్యాటరీలు. మోటారు నీరసపడి టేపు నెమ్మదిగా తిరుగుతూ రికార్డు చేసింది. తిరిగి మామూలు వేగంతో వింటే దరువు పరిగెత్తినట్టు ఉంటుంది. మామ పరిగెత్తలేదు. ఆ చీకట్లో నిలకడగా ఉన్నది ఆయన ఒక్కడే. కరెంటు వచ్చాక తడబడింది మిగతావాళ్ళు.

మరుసటి ఆదివారం దాకా ఆగడం నా వల్ల అయ్యేలా లేదు గానీ ఆగాను. అమ్మను కూడా షాపుకు రమ్మన్నాను. ముందు కాసెట్ ఉన్నది ఉన్నట్టు పెట్టాను. తర్వాత శృతి దింపిన ముక్క పెట్టాను. మామ స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళకు ఆయన కుడిపాదం నేల మీద మెల్లగా ఆడడం చూశాను. దరువు అయిపోయాక కూడా చెయ్యి తీయలేదు.

"సమంగా ఉండాది," అన్నాడు. నా వైపు తిరిగి భుజం తట్టాడు. "బాగా సరిచేసినావు అబ్బయ్యా."

సరిచేయలేదని అరిచాను. దెబ్బలు జరపలేదు, టేపుదే తప్పు, డ్రమ్ము శృతి ఎలా ఎక్కిందో విను అన్నాను. సుండల్ వాడి గొంతులు రెండూ ఒకదాని వెనక ఒకటి వినిపించాను. మామ చెయ్యి ఆనించి మర్యాదగా విన్నాడు. సన్నగొంతుకూ బొంగురు గొంతుకూ తేడా అరచేతికి తెలియదు. అదృశ్యంగా ఉన్నదాన్ని చూపిస్తున్నవాడిలా నేను తెర మీద గీతలు చూపించాను.

"నువ్వే చెప్తివి గదరా," అన్నాడు నవ్వుతూ, "దీంట్లో ఏదైనా సరిచెయ్యొచ్చని. నా కోసం ఇంత పని చేసినావు. చాల్లే."

నేను చదివినవాటిలో ఎక్కడా దీనికి జవాబు లేదు. రుజువు చేసేదీ అబద్ధం పుట్టించగలిగేదీ ఒకే మెషీన్ అయితే వినేవాడికి మిగిలేది చెవులే.

అమ్మకు చెవులున్నాయి. రెండు గొంతులూ విన్నది. కుర్చీలో ముందుకు వంగి, "బ్యాటరీలా?" అని నన్ను అడిగింది. నేను తెర వైపు తిరిగిపోయాను. ఆమె ఇక అడగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తమ్ముడి వీపు వంక చూస్తూ కూర్చుంది.

ఇంటికి నడిచి వెళ్తుంటే, చేపల బుట్టల పక్కన, హార్బరు లారీల చప్పుడులో, అమ్మ ఉన్నట్టుండి మామ చెయ్యి పట్టుకుని ఆపింది. ఎడమ చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచింది. బుట్టల దగ్గర ఆడవాళ్ళు తలెత్తి చూశారు.

"నువ్వు పరిగెత్తలేదురా తమ్ముడా. విన్నావా? నువ్వు పరిగెత్తలే."

"సరి అక్కా, సరి," అన్నాడు మామ. జ్వరంలో ఉన్న మనిషి ఏదో అంటే ఊరుకోబెట్టే గొంతు అది. ఆమె చెయ్యి పట్టుకుని లారీ పోయేదాకా ఆగి, జాగ్రత్తగా రోడ్డు దాటించాడు.