అయ్యగారు అడిగినప్పుడు

పదిహేనేండ్లకు పైగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడలేదు. కక్కడానికి ధైర్యం చాలలేదు. నన్నెరిగినవాళ్లు ఇది వింటే నవ్వుతారు. నంద్యాలలో మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు, ఆమె కడుపులో మాట దాచుకునే మనిషేనా అని. రిక్షా అతనితో, కూరగాయలామెతో, మా హెడ్మాస్టరుతో, ఆఖరికి గుడిలో ప్రసంగం చేసే పాదిరి అయ్యగారితో కూడా వాదం పెట్టుకున్నదాన్ని. బి.ఏ. చదివించింది దీని నోటికి పదును పెట్టడానికేనా అనేవాడు మా నాయన. అట్లాంటి నేను తెరవాల్సిన చోట నోరు మూసుకున్నాను. మూసుకోవాల్సిన చోట అరిచినాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో మొదలుపెడుతున్నాను.

డెబ్బైరెండులో నేను ఆళ్లగడ్డలో ఒక బడిలో టీచరును. వారమంతా ఆడ గది తీసుకుని ఉండి, శనివారం బస్సెక్కి నంద్యాల ఇంటికి వచ్చేదాన్ని. మా బడిలో ఆయా పేరు రాహేలు. సంజామల పక్క పల్లె నుంచి వచ్చింది. ఐదారేండ్ల కూతురుంది. పక్కన శిల్పం చెక్కేవాళ్ల కొట్టాల్లో నుంచి పొద్దస్తమానం ఉలి చప్పుడు వస్తుంటే, ఆ చప్పుడును మించి మాట్లాడే ఆడవాళ్లం మేమిద్దరమే. అందుకే మాకు స్నేహం కుదిరింది.

ఒకరోజు పాఠం మధ్యలో ఒకడు గేటు దాటి లోపలికి వచ్చినాడు. చేతిలో చిన్నపిల్ల గౌను. బడి జరుగుతుంటే ఎవరయ్యా నువ్వు, సంతనుకున్నావా అని కడిగేసినాను. రాహేలు పరుగెత్తుకుని వచ్చింది. "మా ఆయన టీచరమ్మా, పాపను చూసేకి వచ్చినాడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అతడు నాకు నమస్కారం పెట్టి, పాపను ఎత్తుకుని, "మా నాయన తెచ్చినాడు అని చెప్పు టీచరమ్మకు" అని గౌను చూపించినాడు. పేరు జయరాజు.

వాళ్ల పెండ్లి కథ రాహేలే చెప్పింది. వాళ్ల పల్లెకు అయ్యగారు రెండు మూడు నెలలకొకసారి వస్తాడు. ఆయనొచ్చి రిజిస్టరులో రాస్తేనే పెండ్లి. ఆ పొద్దు వాన. వాగు పొంగి అయ్యగారు అవతలే నిలిచిపోయినాడు. చుట్టాలు దిగినారు, అన్నం ఉడికింది. అయ్యగారు లేనప్పుడు ప్రార్థన నడిపే ఊరి ఉపదేశే తాళి కట్టించినాడు. అయ్యగారు వచ్చినప్పుడు రాయించుకుందాంలే అనుకున్నారు. అయ్యగారు వచ్చిన రోజు వీళ్లు శెనిక్కాయ పీకే పనిలో ఉన్నారు. ఇంకోసారి అనుకున్నారు. ఆ ఇంకోసారి రాలేదు. ఆ పల్లెల్లో అది తప్పుగా ఎవరికీ తోచదు. "మా పెండ్లికి వాగే అడ్డమొచ్చింది టీచరమ్మా" అని రాహేలు నవ్వేది.

కొన్నాళ్లకు జయరాజుకు కర్నూలు పక్క సర్కారు ఆఫీసులో గుమాస్తా పని దొరికిందని, ఇల్లు కుదరగానే పిలిపిస్తాడని చెప్పింది. ఆ తరవాత ఆ మాట ఎత్తడం తగ్గించింది. నేనూ అడగలేదు.

మరుసటి ఏడు నా చెల్లెలు శాంతకు సంబంధం వచ్చింది. అబ్బాయి నంద్యాలలోనే గుమాస్తా, కొత్తగా మన సంఘంలో చేరినాడు, బుద్ధిమంతుడు అన్నారు. కాఫీ గ్లాసులు పట్టుకుని వసారాలోకి వచ్చింది నేనే. జయరాజు తలెత్తినాడు. గ్లాసు అందుకోబోయిన చేయి గాలిలోనే ఆగిపోయింది. నన్ను గుర్తుపట్టినాడు. నేనూ పట్టినాను. గ్లాసు చేతికిచ్చి లోపలికి పోయినాను.

అప్పుడే ఎందుకు అనలేదు? చెప్తాను. అంతకుముందు శాంతకు వచ్చిన రెండు సంబంధాలు నా నోటి వల్లే పోయినాయి. ఒకడు తాగుతాడన్నాను, ఇంకొకడి తల్లి గయ్యాళి అన్నాను. మొదటిది నిజం. రెండోది, ఏమో. ఆ శనివారం సాయంత్రం వంటింట్లో శాంత జొన్నరొట్టె తడుతుంటే పక్కన కూచున్నాను. నిజంగానే చెబుదామని కూచున్నాను.

"శాంతా, ఆ మనిషి గురించి ఒక మాట."

రొట్టె మీద చేయి ఆగింది. "మళ్లీ మొదలుపెడ్తాండావా?"

"వింటావా వినవా?"

"విననక్కా. నాయనా, ఈడ చూడు, మీ పెద్దకూతురు ఈ సంబంధానికీ గండి కొడ్తాంది!"

వసారాలో నుంచి నాయన గొంతు. "ఏందీ? మళ్లీనా? నీకెట్లాగూ కుదర్లేదు, దానికన్నా కుదరనీ తల్లీ. నీ నోరు ఒక్క నెల కట్టి పెట్టుకో, నీ పుణ్యముంటుంది."

"విన్యావా?" అంది శాంత. "నువ్వు నోరు మూసుకుంటే నా పెండ్లి అయితాది. అంతే."

"సరే. మూసుకుంటా" అన్నాను.

మా పద్ధతి మీకు తెలియకపోతే చెప్తాను. పెండ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఫలానా వాని కొడుకు, ఫలానా వాని కూతురు, వీళ్లకు పెండ్లి చేయబోతున్నాము, దీనికి అడ్డమైన కారణమేదైనా ఎవరికైనా తెలిసినట్లయితే తెలియజేయవలెను అని అయ్యగారు అడిగి కాసేపు ఆగుతాడు. అడిగేది చుట్టాలను కాదు, సంఘాన్నంతా. అంటే నన్ను.

మొదటి ఆదివారం ముందు బెంచీలో వాళ్ల జడలు లెక్కపెట్టుకుంటూ కూచున్నాను. రెండో ఆదివారం వెనక బెంచీలో ఎవరి బిడ్డో ఏడ్చింది, అది సర్దుకునేదాకా అయ్యగారు ఆగినాడు, నా కోసమే ఆగినట్లనిపించింది. మూడో ఆదివారం ఆయన ప్రశ్న అడిగి, కళ్లజోడు పైనుంచి నేరుగా నా వైపే చూసినాడు. ఇద్దరు ముగ్గురు నవ్వినారు. శాంత కూడా నవ్వింది, బెదురుగా. నేను పాటల పుస్తకం తెరిచి పెట్టుకుని కూచున్నాను.

ఇన్నేండ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం ఒకటుంది. చదువుకున్నదాన్ని కదా, కారణాలకు కొదవా? రిజిస్టరులో లేనిది పెండ్లెట్లా అవుతుంది? ఉపదేశికి పెండ్లి చేసే అధికారం ఎక్కడుంది? కాబట్టి జయరాజుకు పెండ్లి కాలేదు, కాబట్టి నేను దాచిందేమీ లేదు. గట్టి వాదన. ఎవరూ ఎదురు చెప్పలేదు, ఎందుకంటే ఎవరికీ వినిపించలేదు. కానీ మనసులో నేను రాహేలును ఎప్పుడైనా జయరాజు పెండ్లాం కాదనుకున్నానా? గేటు దగ్గర ఆమె నవ్వు చూసినదాన్ని. ఆ గౌను చూసినదాన్ని.

అసలు సంగతి ఇది. రాయడానికి చేయి మొరాయిస్తోంది, అయినా రాస్తాను. నాకు కోపమొచ్చింది. నా నోరు మీకు చేదు కదా, అది లేకపోతే ఏమవుతుందో మీరే చూడండి అనుకున్నాను. వాళ్లకు బుద్ధి రావాలనుకున్నాను. నా చెల్లెలి బతుకు పెట్టి నా మాటే గెలిచిందనిపించుకోవాలనుకున్నాను. ఆ మూడు ఆదివారాల్లోనూ నాకు భయం వేసింది నిజమే. దాని అడుగున ఒక తృప్తి కూడా ఉండింది. అది మరిచిపోలేదు.

పెండ్లయింది. అయ్యగారు రిజిస్టరులో రాసినాడు. సాక్షి సంతకాల్లో ఒకటి నాది. సోమవారం ఆళ్లగడ్డ పోయినాను. రాహేలు ఎదురొచ్చి, చెల్లెలి పెండ్లి లడ్డు తేలేదా టీచరమ్మా అని అడిగింది. తెచ్చినాను. ఇచ్చినాను. తినింది.

ఆ తరవాత ఏండ్లు గడిచినాయి. నాకు నంద్యాలకు బదిలీ అయింది. శాంతకు కొడుకు పుట్టినాడు. జయరాజు నన్ను వదినా అని పిలిచేవాడు, కళ్లల్లోకి చూసేవాడు కాదు.

ఎనభైఐదులో ఒక ఆదివారం శాంతా నేనూ పక్కపక్కన కూచుని ఉన్నాము. మగవాళ్ల బెంచీల్లో జయరాజు. అప్పటికి వేరే అయ్యగారు. ఆయన ప్రకటన చదివినాడు. పెండ్లికొడుకు మా నంద్యాల పిల్లవాడు. పెండ్లికూతురు ఆళ్లగడ్డ అమ్మాయి, జయరాజు, రాహేలుల కుమార్తె. ఇంటిపేరుతో సహా చదివినాడు. కొడుకు తరపు గుడిలోనూ చదవాలి కదా. ఆ సంగతి జయరాజుకు తట్టలేదు, నాకూ తట్టలేదు. అతడు లేచి, ఎవరివో చెప్పులు తొడుక్కుని బయటికి పోయినాడు. అభ్యంతరముందా అని అయ్యగారు అడుగుతూనే ఉన్నాడు. శాంత నా చేయి పట్టుకుంది. "అక్కా, అది మా ఆయన ఇంటిపేరు" అంది.

ఆ మధ్యాహ్నం శాంత ఇంటి ముందర నేను చేసిన గలాటా వీధి వీధంతా చూసింది. తిట్టని తిట్టు లేదు. జయరాజు తలవంచుకుని నిలబడి ఒక్కసారి నోరు తెరిచినాడు. "వదినా, మీకూ..." అన్నాడు. గొంతు పెంచినాను. ఆ మాట పూర్తి కాకుండా, ఎవరికీ వినపడకుండా, ఇంకా ఇంకా పెంచినాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. అక్కంటే ఇట్లుండల్ల అన్నారు.

కొడుకుని తీసుకుని మా ఇంటికొచ్చేసిన శాంత ఆ రాత్రి అన్నది ఇది. "ఆ పొద్దు నువ్వు ఏందో చెప్పబోతే నేనే నోరు మూయించినా. తరవాత చానాసార్లు అనుకున్నా అక్కా, ఏం చెప్పబోయిందో అని. నీకు తెలిసుండదులే. తెలిసుంటే నువ్వు ఊరుకునే మనిషివా?"

"నాకేం తెల్సు" అన్నాను.

మొదటిది మౌనం. ఇది అబద్ధం. ఏది పెద్దదో మీరే తేల్చుకోండి, నేను తేల్చలేకపోయినాను.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, పోయిన ఎండాకాలం జయరాజు చనిపోయినాడు. పింఛను ఇవ్వాలంటే పెండ్లాం ఎవరో రికార్డు చూపించమన్నారు ఆఫీసువాళ్లు. రికార్డులో ఉన్నది శాంత. శాంత ఆ డబ్బు జోలికి పోలేదు. రాహేలు తిరుగుతోంది. ఉపదేశి ఎక్కడన్నా రాసి పెట్టినాడేమోనని సంజామల పక్క వాళ్ల పల్లెకు పోయింది, ఆయన ఎప్పుడో చనిపోయినాడు. ఆళ్లగడ్డ గుడిలో అడిగింది, కర్నూలు ఆఫీసులో వెతికించింది. యాడా లేదు. పోయిన వారం మా గడప దగ్గరికి వచ్చింది. వయసుకు ముందే ముసలిదైపోయింది.

"నా పెండ్లి యాడా రాయలేదంట టీచరమ్మా. చూసినోళ్లు వచ్చి చెప్తే ఆళ్లగడ్డ సర్కారు ఆఫీసులో రాసుకుంటారంట. మీరు ఆ పొద్దు గేటుకాడ చూసినారు గదా. నేను మా ఆయన అన్యా, ఆయన కాదనలే."

ఆమె నన్ను నిందించడానికి రాలేదు. ఆ ఏడాదికీ శాంత పెండ్లి ఏడాదికీ మధ్య ఉన్న లెక్క ఆమె వేసిందో లేదో తెలియదు. వేసినా అనలేదు. లోపల శాంత మజ్జిగ గ్లాసులో పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

నేను చూసినానని చెబితే, ఎప్పుడు చూసినానో చెప్పాలి. ఎప్పుడో చెబితే శాంతకు తెలిసిపోతుంది. చెప్పకపోతే రాహేలు ఎవరికీ ఏమీ కాకుండా పోతుంది, ఆమె కూతురు కూడా. వారం రోజులు వాదించుకున్నాను. ఇంతకాలం గెలిచిన వాదనలన్నీ మళ్లీ తీసినాను. ఈసారి ఒక్కటీ నిలబడలేదు.

సోమవారం ఆళ్లగడ్డ పోతున్నాను. సంవత్సరం చెప్తాను, గేటు చెప్తాను, గౌను చెప్తాను. దానికి ముందు, రేపు గుడి నుంచి వచ్చినాక, శాంతకు చెప్తాను. ఆమె నన్ను ఇంట్లో ఉండనిస్తుందా? తెలియదు. క్షమించమని అడగను. అది కూడా నా మాట గెలిపించుకోవడమే అవుతుంది. ఏమన్నా పడతాను. ఏమీ అనకపోతే అదీ పడతాను.

ఇది రాసినాక గొంతులో కొంచెం చోటు చేసుకున్నట్టుంది. ఆ చోటులో నుంచే అంటున్నాను. అయ్యగారూ, మీరు కళ్లజోడు పైనుంచి చూసి అడిగినారు కదా. ఇప్పుడు మీరు లేరు, అయినా వినండి.

అభ్యంతరముంది. ఆ మనిషికి పెండ్లయింది, కూతురుంది. నాకు తెలుసు. మీరు అడిగినప్పుడే తెలుసు.