సీపీయూకి కొబ్బరినీళ్ళు

పాలకొల్లు మార్కెట్ దగ్గర నాకో ఫ్లెక్సీల షాపుంది. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, పెద్దకర్మలు, ఏదైనా సరే ముందు నా కంప్యూటర్లో జరిగాకే ఊళ్ళో జరుగుతుంది. ఆ కంప్యూటర్ గురించి నేను కోసిన కోతలకి లెక్కలేదు. ఒక వరదలో మా సీపీయూ కాలవలో కొట్టుకుపోయి నరసాపురం దగ్గర చేపల వలలో పడిందనీ, తెచ్చి మీట నొక్కితే సగంలో ఆపిన పెళ్ళికార్డు సగంలోనే తెరుచుకుందనీ చాలామందికి చెప్పాను. చెప్పగా చెప్పగా కాస్త నేనూ నమ్మాను.

అందుకే ఓ పొద్దున అది తెరుచుకోకపోతే నాకు భయం కన్నా ముందు అనుమానమే వచ్చింది. నీలం తెర పడింది. నన్ను నేనే బాగుచేసుకుంటున్నాను, ఆగు అంది. ఆగాను. ఆరిపోయింది, వెలిగింది, మళ్ళీ అదే మాట. లోపల్నుంచి బల్లి పలికినట్టు టిక్కు టిక్కుమని చప్పుడు.

ముందుగా ఎదురు ఫ్లెక్సీల షాపాయన మీదికి పోయింది మనసు. క్రితం రోజే ఆయన నవ్వుకుంటూ వచ్చి, "కొత్త ఫాంటండీ, మీక్కూడా పనికొస్తుందని," అంటూ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్ళాడు. ఆ రాత్రే దాన్ని కంప్యూటర్‌కి పెట్టాను. మా వైపు ఎవరైనా అడక్కుండా, అంత మర్యాదగా, ఊరికే ఏదైనా ఇచ్చారంటే అందులో ఏదో ఉన్నట్టే. నేనిచ్చినా అంతే.

సరిగ్గా అప్పుడే ఎండుచేపల మామ్మ బుట్టతో సహా మెట్లెక్కింది.

ఆవిడ కాపురం చేసింది ఉప్పాడలో. ఇల్లు సముద్రం తినేశాక కూతురి దగ్గరికి వచ్చేసి, మా మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతోంది. ఇల్లు కూలినప్పుడు ఇసుకలోంచి ఏరి తెచ్చుకున్న మొగుడి ఫొటోని కొన్నేళ్ళ కిందట నేనే స్కాన్ చేశాను. అసలు ఫొటో ఆ రోజే నా బల్ల మీద పెచ్చులూడి పొడైపోయింది. నేను ప్రింటు తీసిచ్చినదేమో ఈ వానాకాలం చెమ్మకి ఫ్రేము అద్దానికి అంటుకుపోయి, తీయబోతే చిరిగింది. ఇక ఆ మనిషి రూపం భూమ్మీద ఎక్కడైనా మిగిలి ఉందంటే, ఆ టిక్కుటిక్కుమంటున్న డబ్బాలోనే.

"మనవడి పెళ్ళి బాబూ. ఫ్లెక్సీ ఎయ్యాలి. పైన మావ ఉండాలి," అంది.

పెళ్ళి ఫ్లెక్సీ పైమూలల్లో, గుండ్రటి చక్రాల్లో, పోయిన పెద్దలు దీవిస్తూ ఉండకపోతే మా దగ్గర దాన్ని పెళ్ళి ఫ్లెక్సీ అనరు.

"రేపు రా మామ్మా, చేసిపెడతాను."

"రేపెందుకు? నా డబ్బాలో పడ్డోడికి సావు లేదన్నావు కదా?"

"చావు కాదు మామ్మా. నిద్రలో ఉన్నాడు."

"ఇంత పొద్దెక్కేదాకా తొంగునే మనిషి కాదు మా మావ," అని నా మొహంలోకి ఓసారి, సీపీయూ వైపు ఓసారి చూసి, బుట్ట గుమ్మంలో దించి స్టూలు మీద కూర్చుంది. చేపలు అమ్ముడుపోకపోయినా సరే, నన్ను వదిలేది లేదన్నట్టుంది ఆ కూర్చోవడం.

ఫోనులో ఒక వీడియో పెట్టుకుని, అందులో కుర్రాడు చెప్పినట్టే కమాండ్లు కొట్టే నల్ల కిటికీ తెరిచి అక్షరాలు కొట్టాను. కంప్యూటర్ చాలాసేపు నెమరేసి, సిస్టమ్ ఫైళ్ళు పాడయ్యాయి, కొన్నిటిని బాగుచేయడం నా వల్ల కాలేదు అని చేతులెత్తేసింది. ఇంక తప్పక భీమవరం మెకానిక్కు ఫోను చేశాను.

"గురువుగారూ, దాన్నింక ముట్టుకోకండి," అన్నాడు. "స్కాన్లు తిప్పకండి. హార్డ్‌డిస్కే పోతున్నదైతే, మీరు తిప్పినకొద్దీ ఇంకా పోద్ది. ముందు కాపీ, తర్వాతే వైద్యం."

మంచి మాటే. కానీ ఇతను ఎదురు షాపాయనకి వరసకి మేనల్లుడు. ఆయన పెన్‌డ్రైవ్ ఇవ్వడం, నాది ఆగిపోవడం, ఇతను ముట్టుకోవద్దనడం: మూడు ముక్కలూ ఒకదానికొకటి బాగా అతుకుతున్నట్టు కనిపించాయి నాకు.

వచ్చాడు. చప్పుడు విన్నాడు. పెదవి విరిచాడు.

"భీమవరం తీసుకెళ్ళి చూస్తానండి."

"ఇక్కడే విప్పండి."

"అనుమానమాండి?"

"అబ్బే, నేర్చుకుందామని."

"మరేనండి, నేర్చుకోవాల్సిన వయసే," అంటూ స్క్రూలు విప్పాడు. మామ్మ స్టూలు ఇంకాస్త దగ్గరికి జరిపింది. నేను అతని చేతుల్ని చూస్తుంటే, ఆవిడ మా ఇద్దరి చేతుల్నీ చూస్తోంది.

మూత తీశాడు. లోపలంతా కుంకుమ. అడుగున కొబ్బరిపీచు. ఫ్యాను రెక్కల్లో పసుపు అక్షింతలు. డిస్కు నుంచి బోర్డుకి వెళ్ళే వైరు పొడుగునా, తెల్లటి గుడ్లు నోట కరుచుకుని, బారులు తీరిన చీమలు.

"ఇది సీపీయూనాండి, గుడాండి?" అన్నాడు మెకానిక్కు.

ఆ సమయానికే మా ఆవిడ టీలు తెచ్చింది. అందరం ఆవిడ వైపు చూశాం. ప్రతి దసరాకీ ఆయుధపూజ చేసేది ఆవిడే.

"నన్ను చూస్తారేంటి?" అంది. "కొబ్బరినీళ్ళు చల్లితే వేడి చెయ్యదు, పెద్దపెద్ద ఆఫీసుల్లో మిషన్లకి రోజూ చల్లుతారు, అందుకే అవి ఆగవు అని చెప్పింది ఎవరండీ? నేను ఒక చుక్క చల్లితే, ఇంకో రెండు చల్లు, పెళ్ళిళ్ళ సీజను అన్నది ఎవరండీ?"

ఎప్పుడో ఊసుపోక చెప్పి ఉంటాను. చెప్పినవన్నీ గుర్తుపెట్టుకునే అలవాటు నాకు లేదు. ఆవిడకుంది.

టిక్కుమన్నది ఫ్యానుకి తగిలే అక్షింతేనని తేలింది. కొబ్బరినీళ్ళ తీపి వైరు మొన మీద గట్టిపడి, చీమలు చేరి, డిస్కు పంపేది బోర్డుకి సగమే చేరుతోందనీ, సిస్టమ్ ఫైళ్ళు పాడైంది అందుకే కావచ్చనీ మెకానిక్కు చెప్పాడు. "డిస్కు మంచిదేనని మాత్రం నేను అనను," అన్నాడు. "ముసలిది. ఉన్నదంతా ముందు బయటికి లాగాలి." దాన్ని ఊడదీసి, తుడిచి, వేరే వైరుతో తన ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. గొణిగింది, ఆలోచించింది, తెరుచుకుంది. కొత్త డిస్కులోకి కాపీ మొదలైంది.

కాపీ అవుతుండగా ఆ పెన్‌డ్రైవ్ కూడా పరీక్షించమన్నాను. అందులో ఫాంటే ఉంది. వైరస్సూ లేదు, ఏమీ లేదు. నాకు కొంచెం నిరాశగా అనిపించింది.

మామ్మ ఫోల్డర్లో రెండు బొమ్మలున్నాయి. నేను బాగుచేసి, ప్రింటు తీసిచ్చినది ముందు తెరిచాం. జుట్టు, నుదురు, కళ్ళు వచ్చాయి. ముక్కు కింది నుంచి అంతా బూడిదరంగు. మామ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెకానిక్కు నెమ్మదిగా రెండోది నొక్కాడు. స్కాన్ చేసినది చేసినట్టుగా, పూర్తిగా వచ్చింది: పడవ అంచు మీద చొక్కా లేకుండా కూర్చుని, భుజాన తువ్వాలుతో, ఎండకి కళ్ళు చిట్లించిన మనిషి. ఒక చెంప మీద ఉప్పు మరక.

నాకు ప్రాణం లేచొచ్చింది. "భయంలేదు మామ్మా. ఈ మరక తీసేసి, మళ్ళీ మొదట్లాగే చేసేస్తాను," అన్నాను.

"సెయ్యకు," అంది.

"అదేంటి మామ్మా?"

"అప్పుడేసిన ఆ కోటెవరిది?"

పోయినవాళ్ళందరికీ మా షాపులో కోటు ఉచితం. ఒకటే కోటు, నీలం రంగుది. సగం పాలకొల్లు పెద్దలు అదే తొడుక్కుని స్వర్గంలో తిరుగుతున్నారు. తెల్లబోయి అదే మాట చెప్పాను.

"కోటేనా? మీసం కూడా తిప్పేసేవు. మా అల్లుడు ఎవరీ కరణంగారు అన్నాడు. ఇన్నేళ్ళూ రోజూ అనుమానంగానే దణ్ణం ఎట్టుకున్నాను బాబూ, ఈయన మావేనా, నువ్వెవర్నైనా అంటగట్టేవా అని."

మా ఆవిడ టీ గ్లాసులు తీసుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది, నవ్వు వినపడకుండా.

"మరకైనా తియ్యనియ్యి మామ్మా. పెళ్ళి ఫ్లెక్సీ కదా."

"ఉంచు. ఉప్పేగా. బతికున్నప్పుడు మాత్రం ఒంటిమీద లేదా ఏంటి?"

కొత్త డిస్కు బిగించి, పాత సీపీయూని కడిగినంత పని చేసి, మెకానిక్కు సాయంత్రానికి మిషను నడిచేలా చేశాడు. ఫ్లెక్సీ తయారుచేసి ప్రింటుకి పెట్టాను. ఇంటికి పో మామ్మా, పంపిస్తాను అంటే ఆవిడ విన్లేదు. బుట్ట నా షాపులోకే జరిపి, ప్రింటరు మూతి దగ్గర నిలబడింది.

ఫ్లెక్సీ అంగుళం అంగుళం బయటికి రాసాగింది. ముందు ఆయన జుట్టొచ్చింది. కళ్ళొచ్చాయి. ఉప్పు మరక వచ్చింది. మెడ దగ్గరికి వచ్చేసరికి మామ్మ నా వైపు ఒక్క చూపు చూసి, ఇంకా తడారని ఫ్లెక్సీ మీదికి వంగింది, కింద కోటుందేమోనని.