మాస్టారి మీద నేను చెప్పిన మాట

మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున నేను హాస్పిటల్ కార్ పార్కులో ఉండగా ఆయన కోడలు ఫోన్ చేసింది. "మామయ్యగారు నిద్రలోనే వెళ్లిపోయారక్కా" అంది. ఏడుపొచ్చింది. దాని వెనకే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఇక ఆయనకి ఎదురుపడక్కర్లేదన్న తేలిక కూడా వచ్చింది. ఆ సంగతి దాచి ఆయన్ని పొగిడితే ఆ పొగడ్తలూ అబద్ధాలే అవుతాయి.

ఇక్కడ న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతల, కొడుకు దగ్గర ఉండేవారు. తెనాలి వైపు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో మా పిల్లలకి తెలుగు నేర్పేవారు. గుణింతాలు దిద్దిస్తూనే చరిత్రలోకి జారిపోయేవారు. చేతిలో ఉన్నది మార్కరే అయినా, సుద్దముక్క అనుకుని వేళ్లు ప్యాంటుకి తుడుచుకోవడం ఆయనకి అలవాటు.

మా అమ్మాయికి స్కూల్లో కోల్డ్ వార్ మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆయనే చెప్పారు.

"రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, రష్యా ఒకే పక్షం తల్లీ. అత్తాకోడళ్లు కలిసి దొంగని తరిమారనుకో. దొంగ పోయాక ఇంటి తాళాలు ఎవరి దగ్గరుండాలి? అక్కడొచ్చింది పేచీ. జర్మనీని ముక్కలు చేసి పంచుకున్నారు. గుట్టలుగా బాంబులు చేసుకున్నారు. ఒకరి మీద ఒకరు వేసుకోలేదు గానీ, భయాన్ని మాత్రం ఊరూరికీ పంపారు."

"బట్ తాతగారూ, హూ స్టార్టెడ్ ఇట్?"

"అది తేలిపోతే మా సోషల్ మేష్టర్లకి పనేముంటుందే!"

ఆ భయం తన దాకా ఎలా వచ్చిందో కూడా ఆ రోజే చెప్పారు. కుర్రతనంలో ఆయన సర్కారు ఉద్యోగానికి ఎంపికైతే, ఎలాంటివాడో కనుక్కోవడానికి వీధిలోకి పోలీసులొచ్చారట. రోజూ వీళ్లింట్లో కాఫీ తాగే పక్కింటాయన, "రష్యా పుస్తకాలు చదువుతాడండీ" అన్నాడట. అంతే, ఉద్యోగం పోయింది. మళ్లీ ఒకటి దొరకడానికి ఏళ్లు పట్టింది.

"ఛీ, ఆ మనిషికి అన్నం ఎలా సహించిందో!" అన్నాను నేను.

"పాపం, ఆయనకి ఇద్దరాడపిల్లలమ్మా. భయపడ్డాడు" అన్నారు మాస్టారు. ఇక్కడి పక్కింటి కివీ ముసలాయన తండ్రి ఓడరేవులో కూలీ అట. సమ్మె కట్టినప్పుడు ఆయన్నీ రష్యా మనిషనే అన్నారట. "ఊళ్లు వేరు గానీ చాడీ ఒకటే" అని నవ్వారు.

నెల తిరగలేదు. అప్పటికి, ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోవడానికి పెట్టుకున్న మా రెసిడెన్సీ ఫైలు నలుగుతోంది. ఇండియా నుంచి పోలీసు సర్టిఫికెట్ రావాలి. పోస్టు వ్యాను ఆగితే చాలు, గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. అలాంటప్పుడు ఆదివారం క్లాసు చూసుకునే ఆవిడ ఫోన్ చేసింది. "మాస్టారు పిల్లలకి రష్యా గురించి చెప్తున్నారంట కదా? మనందరం వీసాల మీద ఉన్నోళ్లం. ఏం ప్రాబ్లం రాదుగా?"

ఏమీ రాదండీ అంటే సరిపోయేది. నా నోరు పడిపోను, "ఆయన కాస్త కమ్యూనిస్టు మనిషేలెండి. మనకెందుకొచ్చిన గొడవ" అన్నాను. ఆయన కమ్యూనిస్టో కాదో నేనెప్పుడూ అడగనేలేదు. ఈ దేశంలో ఏ ఆఫీసరూ అడగని ప్రశ్నకి నా అంతట నేనే జవాబిచ్చాను.

చలి తగ్గేదాకా క్లాసు లేదని ఆయనకి చెప్పారు. క్లాసేమో ఆవిడ ఇంటికి మారింది. మా అమ్మాయిని నేనే డ్రైవ్ చేసి దింపేదాన్ని. ఒక ఆదివారం తెలుగు వాచకం పట్టుకుని అది కారెక్కుతుంటే మాస్టారు వాకింగ్‌కి వెళ్తూ చూశారు. "బాగా చదువుకో తల్లీ" అని చెయ్యి ఊపారు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది. నాకు మాత్రం అన్నం బాగానే సహించింది.

మాకు రెసిడెన్సీ వచ్చిందని తెలిసి, కోడలితో చేయించిన రవ్వలడ్డూలు పట్టుకుని ఆయనే వచ్చారు. మా అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టి దీవించారు. టీ తాగారు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, మెల్లిగా అడిగారు.

"ఇక భయం లేదుగా అమ్మా?"

అంతా తెలుసాయనకి. ఆ గొంతులో ఎత్తిపొడుపన్నది మచ్చుకైనా లేదు. నిజంగానే అడిగారు. "లేదు మాస్టారూ" అన్నాను. క్షమించమని అడగకుండా, తలుపు తీసి పట్టుకున్నాను. ఆయన గడప మీద కూర్చుని బూట్లు వేసుకోవడం మొదలుపెట్టారు. లేసు జారిపోయింది. మళ్లీ మొదటినుంచి కట్టుకున్నారు. తర్వాత రెండో బూటు. ఆయన తలవంచుకుని తీరిగ్గా ముడి బిగిస్తుంటే, నేను తలుపు పట్టుకుని నిలబడి చూస్తూనే ఉన్నాను.